గెలవాలని పరుగెత్తడం పాపమా?



ఏటా బడులు తెరిచిన కొన్నాళ్లకు మండల స్థాయి ఆటల పోటీల కబురు వస్తుంది. పి.ఇ.టి. సారు పిల్లల పేర్లు వ్రాసుకుంటారు. పుట్టిన తేదీ పత్రం తెమ్మంటారు, తల్లిదండ్రుల సంతకం తెమ్మంటారు. ఆ సంతకం దగ్గరే మన ఇళ్లలో వాదన మొదలవుతుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల విచారణలలో ఈ విషయమై గురువులను అడిగేవారు రెండు రకాలుగా అడుగుతారు.

మొదటి ప్రశ్న అందరికీ తెలిసిందే. "ఆటలు అన్నం పెడ్తయా ఫాదర్ గారూ? వచ్చే ఏడు పదో తరగతి. చదువు పాడైతే ఎవరు జవాబు చెప్తరు?"

రెండవ ప్రశ్న అడిగేవారు తక్కువ. కాని అది లోతైన ప్రశ్న. "పిల్లలకు తగ్గింపు నేర్పాలె గదా. అవతలోళ్లను ఓడగొట్టి రమ్మని మనమే సంతకం పెట్టి పంపుడు క్రైస్తవులకు తగునా?"

మొదటిది కడుపుకు సంబంధించిన ప్రశ్న. రెండవది మనస్సాక్షికి సంబంధించిన ప్రశ్న. రెండూ న్యాయమైనవే. ఈ వారం రెండవదానితో మొదలుపెడదాం. దానికి జవాబు దొరికితే మొదటిదానికి కూడా సగం జవాబు దొరికినట్లే.

ప్రశ్నలోని బరువు

ఈ ప్రశ్నను తేలికగా కొట్టివేయకూడదు. మార్కు సువార్త 9వ అధ్యాయం చూడండి. దారి పొడవునా దేని గురించి వాదించుకున్నారని కఫర్నాములో యేసుప్రభువు అడిగినప్పుడు శిష్యులు నోరు మెదపలేదు. తమలో ఎవరు గొప్ప అన్నదే వారి వాదన మరి. ముందుండాలని కోరుకునేవాడు వెనుకకు జరిగి అందరికీ సేవ చేయాలని ప్రభువు వారికి బోధించారు. పునీత పౌలుగారు కూడా ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖ 2వ అధ్యాయంలో కక్షతోగాని డాంబికంతోగాని ఏమీ చేయవద్దని, ఎదుటివారిని తమకంటె మిన్నగా ఎంచుకొమ్మని హెచ్చరించారు. ఆదివారం పూజలో ఈ మాటలు విని, సోమవారం పొద్దున్నే "నువ్వే ఫస్టు రావాలె" అని పిల్లవాణ్ణి మైదానానికి తరిమితే మన మాటకు, మన చేతకు పొంతన ఉన్నట్లా?

పైగా పోటీలో లెక్క కఠినంగా ఉంటుంది. పదహారు కబడ్డీ జట్లు నాకౌట్ పద్ధతిలో ఆడితే పదిహేను జట్లు ఏదో ఒక దశలో ఓడి ఇంటిదారి పడతాయి. ఒక ఊరికి పండుగ, పదిహేను ఊళ్లకు చిన్నబోయిన ముఖాలు. ఆట ముగిశాక కూడా రెండు ఊళ్ల కుర్రాళ్లు మాటా మాటా అనుకొని కొట్లాటకు దిగిన సందర్భాలు మన పల్లెల్లో లేకపోలేదు. ఇదంతా చూసిన తల్లి "మా పిల్లగాడు ఇంట్ల ఉంటేనే మంచిది" అనుకుంటే తప్పు పట్టలేం.

కాని తల్లి భయం న్యాయమైనదే అయినా, ఆ భయం చూపించే దారి సరియైనదేనా? అది ఆలోచించాలి.

పౌలుగారు చూపిన పరుగు

కొరింతు పట్టణానికి దగ్గరలో ఇస్త్మియా అనే చోట రెండేళ్లకొకసారి పెద్ద క్రీడోత్సవం జరిగేది. గ్రీకులకు పేరుపొందిన నాలుగు పెద్ద క్రీడోత్సవాలలో అది ఒకటి. గెలిచినవాడి తలపై ఆకులతో అల్లిన కిరీటం పెట్టేవారు. నాలుగు రోజులకు అది వాడిపోయేది. కొరింతు విశ్వాసులకు ఇవన్నీ ఇంటి ముందర సంగతులు. కాబట్టి పౌలుగారు వారికి వ్రాసిన మొదటి లేఖ 9వ అధ్యాయంలో పరుగుపందెం ఉపమానాన్ని ఎత్తుకున్నారు. పందెగాడి ఇంద్రియ నిగ్రహాన్ని, గురి తప్పని చూపును, శరీరాన్ని అదుపులో పెట్టుకునే తీరును విశ్వాసికి పాఠంగా చూపారు.

ఇందులో రెండు సంగతులు గమనించాలి. ఆ కిరీటం వాడిపోయేదని పౌలుగారు దాచకుండా చెప్పారు. పతకాన్ని దేవుణ్ణి చేసుకోకూడదని దానర్థం. అయినా పరుగు మానుకొమ్మని ఆయన ఎక్కడా చెప్పలేదు. గెలిచేటట్లు పరుగెత్తుమనే కోరారు. ఫిలిప్పీయులకు కక్ష వద్దని వ్రాసిన చేయి, కొరింతీయులకు గెలిచేటట్లు పరుగెత్తుమని వ్రాసిన చేయి ఒక్కటే. కనుక కక్ష వేరు, పరుగు వేరు అని ఆయనకు తెలుసు.

కఫర్నాము దారిలో శిష్యులు చేసిన పని ఏమిటి? వారు ఏ పందెంలోనూ పరుగెత్తలేదు. ఎవరు గొప్ప అని వాదించుకున్నారు, అంతే. ఆ వాదనకు చెమట పట్టనక్కరలేదు, సాధన అక్కరలేదు, నియమం అక్కరలేదు. పక్కవాణ్ణి తక్కువ చేస్తే చాలు, మనం ఎక్కువైపోతాం. ప్రభువు మందలించింది ఈ ఆశను. బరిలో దిగినవాడికి ఈ సులువు ఉండదు. ఎదుటివాణ్ణి ఎంత తిట్టినా వాడి కాళ్లు నెమ్మదించవు. మన కాళ్లే వేగం పెంచుకోవాలి.

సెమినరీలో లాటిను చదువుకున్నవారికి ఒక మాట తెలుసు. పోటీని ఇంగ్లీషులో కాంపిటీషన్ అంటున్నాం కదా. అది లాటినులోని కొంపేతెరె అనే క్రియనుండి పుట్టింది. కొం అంటే కలిసి. పేతెరె అంటే దేనినైనా వెదకుతూ దానివైపు సాగడం. అంటే ఆ మాట వేరులో కలిసి వెదకడం అనే భావం ఉంది. మాట పుట్టుక ఒక్కటే సత్యాన్ని నిరూపించదు, నిజమే. బ్రతుకులో అలా జరుగుతుందా అని చూడాలి. దూరం పోనక్కరలేదు. మన పాత వరంగల్ జిల్లాలోనే చూద్దాం.

కల్లెడ అమ్మాయి

పర్వతగిరి మండలం కల్లెడ గ్రామం మీలో చాలామందికి తెలుసు. జీవంజి దీప్తి 2003లో అక్కడ పుట్టింది. కూలి పనులతో బ్రతికే కుటుంబం. బిడ్డకు పుట్టుకతోనే మేధో వైకల్యం ఉంది. నలుగురూ ఎగతాళి చేసేవారని, ఈ బిడ్డను అనాథాశ్రమంలో వదిలేయమని సలహా ఇచ్చినవారు కూడా ఉన్నారని ఆమె తల్లి విలేఖరులకు చెప్పింది. ఇల్లు గడవక ఉన్న కొద్ది పొలం అమ్ముకోవలసి వచ్చింది.

ఆ అమ్మాయి పరుగును మొదట పట్టించుకున్నది ఊళ్లోని బడిలో వ్యాయామం నేర్పే సారు. 2019లో ఖమ్మంలో జరిగిన రాష్ట్ర స్థాయి పోటీలలో శిక్షకులు నాగపురి రమేశ్ గారు ఆమెను చూశారు. ఆయన చొరవతో హైదరాబాదులో శిక్షణ మొదలయింది. 2023 అక్టోబరులో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా పారా క్రీడలలో 400 మీటర్ల పరుగులో ఆమె బంగారు పతకం గెలిచింది. ఆ తర్వాత వచ్చిన బహుమతి సొమ్ముతో కుటుంబం అమ్ముకున్న పొలాన్ని తిరిగి కొనుక్కుంది.

మన పత్రికలన్నీ ఈ కథ వ్రాశాయి. మన ప్రశ్నకు జవాబు మాత్రం ఆ తర్వాతి సంవత్సరంలో జరిగిన సంగతులలో ఉంది. కాస్త ఓపికగా ఈ అంకెలు చూడండి.

మేధో వైకల్యం ఉన్నవారి పరుగును టీ-20 విభాగం అంటారు. క్రికెట్టుకు దీనికి సంబంధం లేదు. ఆ విభాగంలో మహిళల 400 మీటర్లకు 2023లో అమెరికాకు చెందిన బ్రియానా క్లార్క్ పెట్టిన ప్రపంచ రికార్డు 55.12 సెకండ్లు. 2024 మే నెలలో జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పోటీలలో మన దీప్తి 55.07 సెకండ్లలో ముగించి ఆ రికార్డును దాటింది. అదే పరుగులో టర్కీ దేశపు ఐసెల్ ఓండర్ 55.19 సెకండ్లతో రెండవదిగా వచ్చింది. నాలుగు నెలలు తిరగకముందే, సెప్టెంబరు 2న, పారిస్ పారాలింపిక్స్ తొలి దశ పరుగులో ఆ ఓండరే 54.96 సెకండ్లలో వచ్చి దీప్తి రికార్డును దాటేసింది. మరునాడు ఫైనల్ జరిగింది. ఉక్రెయిన్‌కు చెందిన యూలియా షులియార్ 55.16తో బంగారం, ఓండర్ 55.23తో వెండి, దీప్తి 55.82తో కంచు గెలుచుకున్నారు. 2025లో న్యూఢిల్లీలో జరిగిన ప్రపంచ పోటీలలో ఓండర్‌కు బంగారం, దీప్తికి వెండి వచ్చాయి.

ఈ అంకెలు ఏమి చెబుతున్నాయి? అమెరికాలోని ఒక యువతి ఒక గీత గీసింది. కల్లెడ అమ్మాయి ఆ గీతను దాటింది. టర్కీ అమ్మాయి దీప్తి వెనుకనే వచ్చి, ఆమెనే గురిగా పెట్టుకొని, మరింత ముందుకు పోయింది. ఒకరు లేకపోతే మరొకరికి ఆ వేగం వచ్చేదా? పక్క గీతలో ఎవరూ లేకుండా ఒంటరిగా పరుగెత్తినవాళ్లకు అలాంటి సమయం రావడం ఎంత కష్టమో ఏ పి.ఇ.టి. సారును అడిగినా చెబుతారు. కోబేలో దీప్తి వెనుక వినబడిన ఆ అడుగుల చప్పుడు ఆమెకు శత్రువా? అది ఆమెకు అందిన సాయం. ఆ సాయాన్నే ఆమె పారిస్‌లో ఓండర్‌కు తిరిగి ఇచ్చింది. కలిసి వెదకడం అంటే ఇదే. భాష తెలియని, మతం వేరైన, ముఖపరిచయం లేని ఇద్దరు ఆడపిల్లలు ఒకరిలోని శక్తిని మరొకరు బయటికి తీశారు.

అనాథాశ్రమానికి పంపమన్న బిడ్డలో అంత శక్తి ఉందని ఊరికి ఎలా తెలిసింది? ఎవరో పొగిడితే తెలియలేదు. ఎవరో జాలిపడితే తెలియలేదు. గీత మీద నిలబెట్టి, పక్కన పదిమందిని నిలబెట్టి, విజిల్ ఊదితే తెలిసింది. దయతో చేసే పోటీలో కూడా న్యాయం ఉంటుంది. మైదానం ఆ అమ్మాయి ముఖం చూడలేదు, కులం చూడలేదు, ఇంటి కప్పు చూడలేదు. అడుగులను మాత్రమే చూసింది. దేవుడు ఇచ్చిన వరాన్ని భూమిలో పాతిపెట్టిన సేవకుని ఉపమానం మనం విన్నదే. పిల్లల కాళ్లలో, చేతులలో దేవుడు పెట్టిన వరాన్ని ఇంట్లో పాతిపెట్టే హక్కు మనకెక్కడిది?

ప్రత్యర్థి నీ పొరుగువాడే

ఇప్పుడు ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పుకుందాం. గెలవాలని కోరుకోవడం పాపం కాదు. ఎదుటివాడు చెడిపోవాలని కోరుకోవడం పాపం. ఈ రెండూ ఒకేలా కనబడతాయి కాబట్టి చిక్కు వస్తుంది.

వేరు చేసి చూడడానికి ఒక పరీక్ష ఉంది. రేపు ఫైనల్. అవతలి జట్టులో మంచి రైడరుకు ఈ రాత్రి కాలు బెణికిందని కబురు వచ్చింది. మీ పిల్లవాడి మనసులో ఏమి కలిగింది? "అయ్యో, వాడు ఉంటేనే ఆట" అనుకుంటే ఆ పిల్లవాడు ఆటగాడు. "పీడ పోయింది" అనుకుంటే వాడికి కావలసింది కప్పు మాత్రమే, ఆట కాదు. ఎదుటివాని మేలు చూసి ఏడవడమే అసూయ అని వేదపండితులు పునీత అక్వినాసు తోమాసుగారు వివరించారు. ఎదుటివాని కీడు చూసి సంతోషించడం దాని బిడ్డే. ఈ పరీక్ష పిల్లలకు మాత్రమే కాదు. మైదానం గట్టు మీద కూర్చొని అరిచే తండ్రులకు, అన్నలకు కూడా.

కబడ్డీనే చూడండి. అవతలి ఏడుగురు లేకపోతే కూత పెట్టి ఎక్కడికి పోతాం? వాళ్లు గట్టిగా పట్టకపోతే మన రైడరుకు తప్పించుకునే నేర్పు ఎలా వస్తుంది? తాడు లాగే ఆటలో అవతలివారు చేతులు వదిలేస్తే మనం వెల్లకిలా పడతాం. ఎదుటివాడు తన పూర్తి బలంతో ఆడడం మనకు చేసే మర్యాద. మనం పూర్తి బలంతో ఆడడం వాడికి చేసే మర్యాద. జాలిపడి కావాలని ఓడిపోతే వాణ్ణి అవమానించినట్లే.

పునీత రెండవ జాన్ పాల్ పాపుగారు బాలుడిగా పోలండులోని వాదోవిచె పట్టణంలో ఫుట్‌బాల్ ఆడేవారు. గోలు కాపలా ఆయన పని. కతోలిక పిల్లలు ఒక జట్టుగా, యూదుల పిల్లలు మరొక జట్టుగా ఆడేటప్పుడు, యూదుల జట్టుకు గోలీ లేకపోతే ఆయన ఆ పక్కకు వెళ్లి నిలబడేవారట. అది తన జట్టుకు ద్రోహం కాదు. అవతల గోలీ లేకుండా గెలిచిన గెలుపు గెలుపే కాదని ఆ బాలుడికి తెలుసు. ఆ బాలుడే పెరిగి పెద్దవాడై, 2000 అక్టోబరు 29న, జూబిలీ సంవత్సరంలో, రోములోని ఒలింపిక్ స్టేడియంలో క్రీడాకారులతో కలిసి దివ్యబలిపూజ అర్పించారు. 2018 జూన్ 1న వాటికను క్రీడల మీద ఒక ప్రత్యేక పత్రాన్నే విడుదల చేసింది. తిరుసభ మైదానాన్ని పాపపు చోటుగా ఎంచలేదని చెప్పడానికి ఇవి చాలు.

ఓడినవాడి మాటేమిటి?

పదిహేను జట్ల సంగతి మరచిపోలేదు. ఎంత మంచి మాటలు చెప్పినా ఓడిన పిల్లవాడి కళ్లలో నీళ్లు నిజమైనవి. వాటికి ఏమి చెబుతాం?

ఓటమి రాని బ్రతుకు ఎవరికీ లేదు. పంట పోతుంది, పరీక్ష తప్పుతుంది, ఉద్యోగం చేజారుతుంది. వాటిలో ఒక్కొక్కటి మనిషిని కుంగదీసేంత బరువైనది. మన రాష్ట్రంలో ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన రోజు ఎన్ని ఇళ్లలో భయంతో తెల్లవారుతుందో మీకు తెలుసు. ఓడిపోవడం ఎన్నడూ నేర్వని పిల్లవాడికి మొదటి ఓటమే చివరి తీర్పులా కనబడుతుంది. ఆటస్థలంలో ఓటమి చిన్నది, దెబ్బ తగిలినా మానేది. శనివారం ఓడినవాడు సోమవారం మళ్లీ సాధనకు పోతాడు. ఓడినా లోకం మునగదని కాళ్లతో, ఊపిరితో నేర్చుకుంటాడు. ఈ పాఠాన్ని ఏ గైడు పుస్తకమూ చెప్పలేదు.

కాని ఈ పాఠం ఒంటబట్టాలంటే ఇల్లు సహకరించాలి. పిల్లవాడు గుమ్మంలో అడుగు పెట్టగానే "గెలిచినవా?" అని అడిగి, లేదనగానే ముఖం తిప్పుకుంటే, వాడికి మనం ఏమి నేర్పినట్లు? ఈ ఇంట్లో ప్రేమ కూడా పతకంలాగే మొదటివాడికే దొరుకుతుందని నేర్పినట్లు. యొర్దాను నదిలో యేసు జ్ఞానస్నానం పొందినప్పుడు పరలోకంనుండి తండ్రి స్వరం వినబడింది. ఈయన తన ప్రియ కుమారుడని, ఈయనయందు తనకు ఆనందమని తండ్రి ప్రకటించాడు. గమనించండి. అప్పటికి ప్రభువు ఒక్క అద్భుతం చేయలేదు, ఒక్క బోధ చేయలేదు. ప్రేమ ముందు వచ్చింది, పని తర్వాత వచ్చింది. క్రైస్తవ ఇంటి పద్ధతి ఇదే కావాలి. ప్రేమను సంపాదించుకోవడానికి పరుగెత్తే పిల్లవాడు ఓడితే కూలిపోతాడు, గెలిస్తే గర్విష్ఠి అవుతాడు. ప్రేమ తనకు ఉన్నదన్న ధైర్యంతో పరుగెత్తేవాడు రెండింటినీ తట్టుకుంటాడు.

దొంగ కిరీటం

ఒక చేదు సంగతి కూడా చెప్పుకోవాలి. బడి పోటీలు 14, 17, 19 ఏండ్ల లోపువారికని విభాగాలుగా జరుగుతాయి. పుట్టిన తేదీని ఒక ఏడు, రెండేండ్లు తగ్గించి చిన్న విభాగంలో ఆడించే అలవాటు దేశమంతటా ఉంది. "అందరూ చేస్తున్నదే గదా, మన పిల్లగాడు ఒక్కడే ఎందుకు నష్టపోవాలె?" అని తల్లిదండ్రులు సంతకం పెడతారు.

ఆలోచించండి. పదహారేండ్ల కుర్రవాడు పదమూడేండ్ల బాలుణ్ణి ఓడిస్తే ఏమి గెలిచినట్లు? ఆ బాలుడు ఏడాది పొడవునా పొద్దున్నే లేచి చేసిన సాధనను దొంగిలించినట్లు. ఆ దొంగతనానికి మొదటి సాక్షి సొంత బిడ్డ. నాన్న అబద్ధం మీద సంతకం పెట్టడం వాడు కళ్లారా చూశాడు. ఇక ఆ ఇంట్లో పది ఆజ్ఞలు ఎలా నేర్పుతాం? నియమాల ప్రకారం పోరాడనివానికి కిరీటం లేదని పౌలుగారు తిమోతికి వ్రాసిన రెండవ లేఖ 2వ అధ్యాయంలో స్పష్టంగా చెప్పారు. సరైన తేదీతో ఆడి మొదటి ఆటలోనే ఓడిన పిల్లవాడు, తప్పు తేదీతో కప్పు తెచ్చినవాడికంటె ధనవంతుడు. ఈ మాట మీ పిల్లలకు మీ నోటితోనే చెప్పండి.

అన్నం పెడతాయా?

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. ఆటలు అన్నం పెడతాయా? నిజం చెప్పాలంటే చాలామందికి పెట్టవు. అందరూ దీప్తిలు కారు. పతకం వస్తుందని, ఉద్యోగం వస్తుందని ఆశపెట్టి పిల్లలను పంపమని అడగడం మోసమవుతుంది. పతకం కోసం చదువును వదిలేయడం కూడా తెలివితక్కువ.

కాని అన్నం పెట్టనివన్నీ పనికిరానివా? పాట అన్నం పెట్టదు, ప్రార్థన అన్నం పెట్టదు, స్నేహం అన్నం పెట్టదు. అవి లేకుండా తిన్న అన్నం ఒంటికి పట్టదు. అక్వినాసు తోమాసుగారు తమ సుమ్మా గ్రంథంలో ఆటల గురించి ప్రత్యేకంగా చర్చించారు. అక్కడ పునీత యోహానుగారిని గూర్చిన ఒక పాత కథ ఉంది. ఆయన శిష్యులతో కలిసి ఆడుతుంటే చూసి కొందరు తప్పు పట్టారట. వారిలో ఒకనికి విల్లు ఉంది. బాణాలు వేయమని యోహానుగారు అతణ్ణి అడిగారు. కొన్ని వేశాక, ఇలా ఆపకుండా వేస్తూనే ఉండగలవా అని అడిగారు. అలా చేస్తే విల్లు విరుగుతుందని అతడు జవాబిచ్చాడు. మనిషి మనసు కూడా అలాంటిదేనని యోహానుగారు తేల్చారు. అరిస్టాటిల్ బాటలో నడిచిన తోమాసుగారు ఇంకొక అడుగు ముందుకు వేసి, ఆట మితిమీరడం ఎలా దోషమో, ఆట బొత్తిగా లేకపోవడం కూడా అలాగే దోషమని నిర్ణయించారు. పొద్దున ట్యూషన్, పగలు బడి, రాత్రి స్టడీ అవర్ అంటూ పిల్లల విల్లును దించకుండా పట్టుకున్న తల్లిదండ్రులు ఏడువందల ఏండ్ల క్రితంనాటి ఈ మాటను తలచుకోవాలి.

విల్లు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. అదే కల్లెడకు చెందిన వర్ధినేని ప్రణీత విలువిద్యలో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. ఒక చిన్న ఊరినుండి ఇద్దరు ఆడపిల్లలు అంత దూరం పోయారంటే అక్కడి నీళ్లలో ఏదో మహిమ ఉందని కాదు. అక్కడి బడిలో ఆడపిల్లను మైదానంలోకి రానిచ్చారు. అంతే. మన విచారణలలో ఆరో తరగతిదాకా పరుగెత్తిన ఆడపిల్ల ఎనిమిదో తరగతికి వచ్చేసరికి గట్టు మీద కూర్చుంటుంది. "పెద్దపిల్ల అయింది, నలుగురు ఏమంటరు" అన్న మాట ఒక్కటే కారణం. నలుగురు దీప్తిని కూడా ఎన్నో అన్నారు.

చదువు దెబ్బతింటుందన్న భయానికి ఒక చిన్న ఎదురు ప్రశ్న. ఆటకు పంపని ఆ గంటన్నరలో మీ పిల్లవాడు నిజంగా పుస్తకమే పట్టుకుంటున్నాడా, ఫోను పట్టుకుంటున్నాడా? ఆటను చూసేవాడు వేరు, ఆడేవాడు వేరు. చూస్తూ చూస్తూ పందెం యాప్‌లలో డబ్బు పోగొట్టుకొని అప్పులపాలైన యువకుల కథలు మీరు వింటూనే ఉన్నారు. చెమట పట్టించే ఆట ఆ వ్యసనానికి మందు.

విచారణ కుటుంబాలకు మూడు మాటలు

ఒకటి. ఈ ఏడు మీ బిడ్డ పేరు ఏదో ఒక ఆటకు వ్రాయించండి. గెలిచే బిడ్డ పేరే కాదు, గెలవని బిడ్డ పేరు కూడా. కొడుకు పేరే కాదు, కూతురి పేరు కూడా. పత్రం మీద నిజమైన తేదీ వ్రాయండి.

రెండు. పోటీ ఆదివారం పడితే పూజ మాన్పించకండి, పోటీ మాన్పించకండి. శనివారం సాయంత్రం అర్పించే పూజలో పాల్గొన్నా ఆదివారపు బాధ్యత తీరుతుంది. అది వీలుకాకపోతే ముందుగా మీ విచారణ గురువుతో మాట్లాడండి. దారి దొరుకుతుంది.

మూడు. మైదానానికి మీరు కూడా వెళ్లండి. కూలి మానుకొని వెళ్లడం అందరికీ కుదరదు, తెలుసు. కుదిరిన రోజు వెళ్లండి. రెఫరీని తిట్టకండి. అవతలి పిల్ల బాగా ఆడితే మీరే ముందు చప్పట్లు కొట్టండి. మీ బిడ్డ అది చూస్తుంది. పొరుగువారిని ప్రేమించడం మీద వంద ప్రసంగాలు విన్నా అంత గుర్తుండదు.

సాయంత్రం బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు గెలుపు ఓటములు ముఖంలోనే తెలుస్తాయి, అడగనక్కరలేదు. కాళ్లు కడుక్కొమ్మని చెప్పి, అన్నం పెట్టి, ఒక్క మాట అడగండి. "అవతలి పక్క మంచిగ ఆడిందెవరు బిడ్డా? ఆ పిల్ల పేరేంది?" అని. ఆ పేరు మీ బిడ్డకు తెలిసి ఉంటే, దాన్ని సంతోషంగా చెప్పగలిగితే, ఆ రోజు ఆటలో మీ బిడ్డ నేర్వవలసింది నేర్చింది.